ఆ సిరప్‌ ఎన్నాళ్లు తాగించాలి?

మూడు రోజులుగా పాపకు జ్వరం. జలుబు లేదు, దగ్గు లేదు. మందు వేస్తే తగ్గుతోంది, మళ్లీ కాస్తోంది. అమ్మానాన్నలు రామసముద్రం నుంచి మదనపల్లెకు పరుగెత్తారనుకోండి. డాక్టరు ముందు రాసేది... మూత్ర పరీక్ష! జ్వరానికీ మూత్రానికీ ఏం సంబంధం?

ఉంది. పేగుల్లో ఉండే ఈ.కొలి బ్యాక్టీరియా మూత్రనాళంలో చేరి కిడ్నీల దాకా పాకితే పసిపిల్లల్లో చాలాసార్లు పైకి కనిపించేది జ్వరమొక్కటే. మంటగా ఉందని చెప్పడానికి వాళ్లకు మాటలు రావు కదా! చికిత్స ఆలస్యమైతే కిడ్నీ మీద మచ్చ పడొచ్చు. కొందరికి పెద్దయ్యాక అది రక్తపోటు తెచ్చిపెడుతుంది.

మరి ఏ యాంటీబయాటిక్‌ ఇవ్వాలి? ఇంజెక్షనా, సిరప్పా? ఎన్ని రోజులు? పెద్దల మాత్రను సగం చేస్తే సరిపోదు. మందును అరిగించుకునే తీరు, బయటికి పంపే తీరు పిల్లల్లో వేరు. అందుకే పిల్లల్లోనే జాగ్రత్తగా పరీక్షించి చూడాలి.

అలా తేల్చుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానటోరియం వైద్యులు 1950లోనే చుట్టుపక్కల ఊళ్లలో బీసీజీ టీకా వేయించుకున్నవారినీ, వేయించుకోనివారినీ ఏళ్ల తరబడి పోల్చి చూశారు. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ల విషయంలోనూ అదే దారి.

రెండేళ్లలోపు పిల్లలు 306 మందిపై చేసిన పరీక్ష ఫలితాలను 1999లో అమెరికా వైద్యులు ప్రకటించారు. లాటరీ తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మొదట ఇంజెక్షన్లు, తరువాత సెఫిక్సిమ్‌ ఇచ్చారు. రెండో జట్టుకు మొదటి నుంచీ నోటి మందే. రెండూ ఒకేలా పనిచేశాయి! అంటే మందు వాంతి కాకుండా తాగగలిగిన బిడ్డకు ప్రతిసారీ సూది అక్కర్లేదు. మరీ పసికందులకు, నీరసించిపోయినవారికి మాత్రం ఆసుపత్రే దిక్కు.

2023లో మరో ఫలితం వెలువడింది. ఐదు రోజుల మందుతో కుదుటపడిన 664 మంది పిల్లల్లో సగం మందికి ఇంకో ఐదు రోజులు మందు కొనసాగించారు. మిగతావారికి మందు లేని ఉత్త సిరప్‌ ఇచ్చారు. పది రోజులు వాడినవారిలో 0.6 శాతం మందికి ఇన్‌ఫెక్షన్‌ మిగిలితే, ఐదు రోజులకే ఆపినవారిలో 4.2 శాతం మందికి మిగిలింది. చాలామందికి ఐదు రోజులే చాలాయన్నమాట. కానీ ఎవరికి చాలుతుందో చెప్పాల్సింది డాక్టరు, ఇంట్లోవాళ్లు కాదు.

పిల్లల మీద పరీక్షలంటే భయం సహజం. 2009లో ఖమ్మం జిల్లాలో మొదలైన హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో సమ్మతి తీసుకున్న తీరుపై వివాదం రేగింది. 2010లో దాన్ని నిలిపేశారు. 2019 నాటి నిబంధనల ప్రకారం నైతిక విలువల కమిటీ అనుమతి, తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. అర్థం చేసుకునే వయసుంటే పిల్లల అంగీకారమూ కావాలి. ఎప్పుడైనా తప్పుకొనే హక్కూ ఉంది.

ఇంటివరకు గుర్తుంచుకోవాల్సినవి రెండే. కల్చర్‌ పరీక్షకు మూత్రం పట్టేది యాంటీబయాటిక్‌ మొదలుపెట్టక ముందే. జ్వరం తగ్గిందని మధ్యలో మందు ఆపకూడదు. సీసాలో మిగిలిన సిరప్‌ తమ్ముడి జ్వరానికి దాచిపెట్టడం అసలే వద్దు!