జీవన్మృతుడా, మృతుడా? – అవయవదాన అవగాహనలో ఒక పదసమస్య

కీలకపదాలు: అవయవదానం, మెదడు మరణం, జీవన్మృతుడు, జీవన్‌దాన్, దంతాలపల్లి.

1. ఉపోద్ఘాతం

మహబూబాబాద్ జిల్లాలోని దంతాలపల్లి వరంగల్–ఖమ్మం రహదారిపైనున్న మండలకేంద్రం. ఇటువంటి రహదారిపై ద్విచక్రవాహనం నుండి పడి తలకు బలమైన దెబ్బ తగిలినవారిని వరంగల్‌కో, హైదరాబాద్‌కో తరలిస్తారు. ఒక్కొక్కసారి రెండుమూడు రోజుల తరువాత వైద్యులు కుటుంబసభ్యులను పిలిచి ‘బ్రెయిన్‌డెడ్’ అని చెబుతారు. మరునాటి దినపత్రిక అదే వ్యక్తిని ‘జీవన్మృతుడు’ అని రాస్తుంది. మరణానంతర అవయవదానంపై అవగాహన కల్పించడంలో ఈ మాట తెచ్చిపెడుతున్న చిక్కును పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదం చెప్పేది, చట్టం చెప్పేది

‘జీవన్ముక్తుడు’ అంటే బతికుండగానే ముక్తి పొందినవాడు. అదే తీరున ఏర్పడిన ‘జీవన్మృతుడు’ బతికుండీ చచ్చినవానితో సమానమైనవాడు. ఘోరమైన అవమానం పొందినవారిని, ఏళ్ల తరబడి మంచం పట్టినవారిని అలా అంటాం. రెండు సమాసాల్లోనూ మనిషి సజీవుడే. 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం మాత్రం గుండె, శ్వాస ఆగిపోవడాన్ని మరణమన్నట్లే మెదడుకాండం పని శాశ్వతంగా ఆగిపోవడాన్నీ మరణమే అన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో తనదైన చట్టం చేసుకుంది. 2011 సవరణలతో కూడిన కేంద్రచట్టాన్ని తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో తీర్మానం ద్వారా స్వీకరించింది. చట్టం మృతుడన్నవానిని మన పత్రికాభాష సగం బతికించి ఉంచుతున్నది.

3. కొట్టుకునే గుండె

అసలు సందేహం పదంతోనే పుట్టలేదు. కొడుకు కళ్లెదుట తండ్రి రొమ్ము ఎగసిపడుతూనే ఉంటుంది. ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. గుండెకు తనదైన విద్యుత్ప్రేరణ ఉంది కనుక ప్రాణవాయువు అందినంతకాలం అది కొంతసేపు కొట్టుకోగలదు. శ్వాసకు ఆ వెసులుబాటు లేదు. అది పాఠశాలలో మనం చదువుకున్న మజ్జాముఖం అధీనంలోనిది; మజ్జాముఖం మెదడుకాండంలో భాగం. అది నశించాక ఊపిరి ఆడిస్తున్నది వెంటిలేటరే. అందుకే పరీక్షలో ప్రాణవాయువు అందిస్తూనే యంత్రాన్ని కాసేపు తప్పించి, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినా రోగి స్వయంగా ఊపిరి తీసుకుంటాడేమో చూస్తారు. నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరుగంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. అవయవమార్పిడి చేసే వైద్యులు ఆ బృందంలో ఉండరాదు. కోమా ఇది కాదు. కోమాలో మెదడుకాండం సజీవంగా ఉండవచ్చు, రోగి కోలుకోనూవచ్చు. ‘జీవన్మృతుడు’ అన్న మాట ఈ రెండు స్థితుల మధ్య గీతను చెరిపేస్తుంది. “ఇంకా ప్రాణముండగానే కోస్తారట” అన్న భయానికి ఈ చెరిగిన గీత కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

4. ఇంటివద్ద మరణం

‘మరణానంతర అవయవదానం’ అన్న పదబంధంలోనూ ఒక మరుగు ఉంది. ఊళ్లో, ఇంట్లో గుండె ఆగి కన్నుమూసినవారి నుండి గుండె, కాలేయం, మూత్రపిండాలు సేకరించడం మన పరిస్థితుల్లో సాధ్యం కాదు. కళ్లు మాత్రం ఇవ్వవచ్చు. శుక్లపటలాన్ని ఆరుగంటల్లోపు సేకరించాలి. దేహాన్ని వైద్యకళాశాలకూ అప్పగించవచ్చు. అంగీకారపత్రాల మీద సంతకాలు తీసుకునే సభల్లో ఈ తేడా చెప్పకపోతే, ఆపదవేళ ఫోన్ చేసిన కుటుంబానికి నిరాశే మిగులుతుంది.

5. దాత మాట్లాడలేని దానం

ఈ సభల్లో శిబి, దధీచి తప్పక వస్తారు. పోతన బమ్మెర జనగామ జిల్లాలోనే ఉంది కనుక ఈ ప్రాంతంలో ‘భాగవతం’ ప్రస్తావన సహజం కూడా (దధీచి కథ ఉన్న షష్ఠస్కంధం ఏర్చూరి సింగన రచన అన్నది వేరే విషయం). అయితే దధీచి తన ఎముకలను తానే, తన నోటితో ఇచ్చాడు. మెదడు మరణంలో దాత మాట్లాడలేడు. అంగీకారపత్రం ఉన్నా, ఆచరణలో కుటుంబసమ్మతి లేకుండా సేకరణ జరగదు. సంతకం చేసినవారు ఆ సంగతి భార్యకో, బిడ్డలకో చెప్పి ఉండకపోతే పత్రం పెట్టెలోనే ఉండిపోతుంది.

జీవన్‌దాన్ పథకం 2013 నుండి హైదరాబాద్‌లోని నిమ్స్ కేంద్రంగా నడుస్తున్నది. 2024లో తెలంగాణలో 188 మంది మరణానంతర దాతలయ్యారు. వైద్యశాలల్లోని సమన్వయకర్తలు దుఃఖంలో ఉన్న కుటుంబాలతో ఓపికగా మాట్లాడకుండా ఇన్ని సమ్మతులు సాధ్యమయ్యేవి కావు. ధ్రువీకరణ తరువాత దేహనిర్వహణకు, సేకరణకు అయ్యే ఖర్చు దాత కుటుంబంపై పడకూడదన్న నియమాన్ని కూడా ఆ సంభాషణలోనే చెప్పాలి. అయితే మొదట చెప్పవలసింది మరణవార్త. “మీ నాన్నగారు మరణించారు” అని తెలుగులో స్పష్టంగా చెప్పి, అది వారి మనసుకు ఎక్కేవరకు ఆగి, దానం ప్రస్తావన ఆ తరువాత వేరుగా తేవాలి. పత్రికలు కూడా ‘మెదడు మరణం’ అన్న మాటనే వాడితే, వైద్యుడు ఆ వాక్యం పలికే వేళకు కుటుంబానికి అది కొత్తగా ఉండదు.