కంటికి ఒకటే, సెర్చ్‌కు మూడు

హౌరాలో మెయిన్‌లైన్ లోకల్ ఎక్కితే మొదట వచ్చే స్టేషన్ లిలువా. 1900 నాటి రైల్వే వర్క్‌షాప్ ఉన్న ఊరు. దాని గురించి తెలుగులో వెతకాలంటే పేరు దగ్గరే చిక్కు. బెంగాలీ రాతను అనుసరించేవారు లిలుయా అంటారు. మిగతావారు లిలువా అనో లిలుఆ అనో రాస్తారు. మనిషికి మూడూ ఒక్కటే. అక్షరాలు పోల్చడం తప్ప మరేమీ తెలియని సెర్చ్‌కు మాత్రం మూడు ఊళ్లు. సమాచారం ఎవరో ఎప్పుడో రాసి పెట్టినా, వెతికినవారు లేదనుకుని వెళ్లిపోతారు.

వర్క్‌షాప్ అనే మాటా అంతే. 'క్', 'షా' కలిసి 'క్షా' అయిపోకుండా మధ్యలో కంటికి కనిపించని యూనికోడ్ సంకేతం ఒకటి ఉంటుంది. ఒకరు దాన్ని పెట్టి, మరొకరు మానేస్తే జత కుదరదు. ఇక పెళ్లి, పెళ్ళి సంగతి చెప్పనక్కర్లేదు.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. అయినా 2000 దశకంలో పలు పత్రికల సైట్లు సొంత ఫాంట్లతోనే నడిచాయి. తెర మీద తెలుగు, లోపల వేరే అక్షరాల గజిబిజి. ఫైర్‌ఫాక్స్‌కు తోడుగా వచ్చిన 'పద్మ' దాన్ని యూనికోడ్‌లోకి మార్చేది.

మందు లేకపోలేదు. ఇండెక్స్ తయారీలోనే కనిపించని సంకేతాలు తీసేసి, రూపభేదాలను ఒకే గూటికి చేర్చాలి. మోతాదు మించితేనే ముప్పు. ల, ళ ఒకటే అనుకుంటే 'కల' కోసం వెతికినవారికి 'కళ' కూడా వచ్చిపడుతుంది. అందుకే అచ్చంగా సరిపోయినవి ముందు, దగ్గరివి వెనక చూపడం మేలు. లిలువాలో, లిలువాకు వంటి మాటల్లో విభక్తులు కత్తిరించడమూ అవసరమే. కానీ గుడ్డిగా 'లో' తీసేస్తే, 'కిలో'లో మిగిలేది 'కి'.