పిల్లల బడి సంచి: రంగుల టేపు ఉంటే సర్దుకోవడం వాళ్లకే వచ్చేస్తుంది

జూన్ రెండో వారం వచ్చిందంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు మొదలు. కొత్త నోటుబుక్కులు, బ్రౌన్ అట్టలు, లేబుళ్లు, కంపాస్ బాక్సులతో ఇల్లంతా స్టేషనరీ షాపులా ఉంటుంది. జూలై వచ్చేసరికి సీన్ మారిపోతుంది. బయట ఆటో హారన్ కొడుతుంటుంది. లోపల ఒకరు మ్యాథ్స్ నోట్సు వెతుకుతుంటారు, ఇంకొకరు 'ఆపా నా స్కేలు తీసుకుంది' అని ఏడుస్తుంటారు. చివరికి అమ్మీ వచ్చి చేతికి దొరికినవన్నీ సంచిలో కుక్కి పంపేస్తుంది. ఆ రోజు పీరియడ్ లేని పుస్తకాలు కూడా పిల్లాడి వీపు మీదే వెళ్తాయి.

ఈ తిప్పలు తగ్గించడానికి ఖరీదైన ఆర్గనైజర్లేమీ అక్కర్లేదు. స్టేషనరీ షాపుల్లో దొరికే రంగురంగుల కాగితపు టేపు చాలు. దీన్ని వాషి టేప్ అంటారు. చాలామంది దీన్ని గ్రీటింగ్ కార్డులకు, ఫొటో ఫ్రేములకు వాడే అలంకరణ వస్తువు అనుకుంటారు. నిజానికి ఇంకా సరిగ్గా చదవడం రాని పిల్లలు కూడా తమ సంచి తామే సర్దుకునేలా చేయడం దీని అసలు ఉపయోగం.

వాషి టేప్ అంటే ఏమిటి?

ఇది మాస్కింగ్ టేప్‌కు చుట్టం. గోడలకు, కార్లకు రంగు వేసేటప్పుడు అంచుల్లో అతికించే టేపే మాస్కింగ్ టేప్. దీన్ని అమెరికాలో 3ఎం కంపెనీలో పనిచేసిన రిచర్డ్ డ్రూ 1925లో తయారుచేశారు. కార్లకు రెండు రంగులు వేసేటప్పుడు ఒక రంగు మీదికి ఇంకో రంగు పాకకుండా, తీసినప్పుడు కింది పెయింట్ ఊడిరాకుండా ఉండే టేపు అప్పట్లో లేదు. ఆ అవసరం కోసమే ఇది పుట్టింది.

దాన్ని అలంకరణ వస్తువుగా మార్చింది జపాన్. అక్కడి కురాషికి పట్టణంలో కమోయి కకోషి అనే కంపెనీ ఉంది. 1923లో ఈగలు పట్టే జిగురు కాగితంతో మొదలై, తర్వాత మాస్కింగ్ టేపుల తయారీలోకి వచ్చింది. ఈ టేపును చేతిపనుల్లో వాడుతున్న ముగ్గురు మహిళలు 2006లో కంపెనీని సంప్రదించి, ఫ్యాక్టరీ చూస్తామని, రంగుల్లో టేపులు కావాలని అడిగారు. 2008లో 'ఎంటీ' పేరుతో రంగుల టేపులు మార్కెట్‌లోకి వచ్చాయి. తర్వాత ప్రపంచమంతా పాకిపోయాయి.

జపాన్ భాషలో 'వా' అంటే జపాన్‌కు చెందినది, 'షి' అంటే కాగితం. అసలైన వాషి కాగితాన్ని కోజో లాంటి మొక్కల బెరడు నారతో చేత్తో తయారుచేస్తారు. ఆ చేతిపనికి 2014లో యునెస్కో వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. మన బజార్లో చవగ్గా దొరికేవన్నీ ఆ కాగితంతో చేసినవి కావు, మామూలు సన్న కాగితంతో చేసినవే ఎక్కువ. పిల్లల పుస్తకాలకు అవి సరిపోతాయి.

సెలోటేప్‌కు, దీనికి తేడా జిగురులో ఉంది. వాషి టేప్ జిగురు మెత్తగా పట్టుకుంటుంది. వంకరగా అంటిస్తే వెంటనే తీసి మళ్లీ సరిగ్గా అంటించొచ్చు. అందుకే పిల్లల చేతికిచ్చినా భయం ఉండదు. కత్తెర కూడా అవసరం లేదు, వేళ్లతో చింపితే చినుగుతుంది. పైన పేరు రాసుకోవచ్చు.

కొనేటప్పుడు చూడాల్సినవి

హైదరాబాద్‌లో బేగంబజార్, కోఠీ, విజయవాడలో వన్‌టౌన్ లాంటి హోల్‌సేల్ బజార్లలో ఇవి సెట్లుగా దొరుకుతాయి. 'వాషి టేప్' అంటే అర్థం కాకపోతే 'డిజైన్ పేపర్ టేప్' అని అడగండి. మెరిసే గ్లిటర్ టేపులు, ప్లాస్టిక్ టేపులు కూడా ఇదే పేరుతో అమ్ముతారు. అవి చేత్తో చిరగవు, వాటి మీద పెన్ను పడదు. షాపులోనే కాస్త చింపి చూపించమంటే తేడా తెలిసిపోతుంది. వెడల్పు 15 మిల్లీమీటర్లు ఉంటే పుస్తకాలకు చక్కగా సరిపోతుంది. సెట్టు మీద ధర ఒక్కటే చూడొద్దు, రోల్‌లో ఎన్ని మీటర్లు ఉందో కూడా చూడండి. బయటికి ఒకేలా కనిపించే రోళ్లలో ఒకటి 10 మీటర్లు ఉంటే, ఇంకొకటి 3 మీటర్లే ఉండొచ్చు.

సబ్జెక్టుకో రంగు

పద్ధతి చాలా సింపుల్. తెలుగుకు పసుపు, ఇంగ్లిష్‌కు నీలం, మ్యాథ్స్‌కు ఎరుపు, ఇలా ప్రతి సబ్జెక్టుకూ ఒక రంగు పెట్టుకోవాలి. ఆ సబ్జెక్టు పాఠ్యపుస్తకానికి, క్లాస్‌వర్క్‌కు, హోంవర్క్‌కు మూడింటికీ బైండింగ్ వైపు పైనుంచి కిందికి అదే రంగు టేపు అంటించాలి. షెల్ఫ్‌లో నిలబెట్టినా, సంచిలో పెట్టినా ఆ రంగే ముందుగా కంటికి కనిపిస్తుంది.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద సోమవారం నుంచి శనివారం వరకు గళ్లు గీసి, టైంటేబుల్ ప్రకారం ఒక్కో పీరియడ్‌కు ఆ రంగు టేపు చిన్న ముక్క అంటించి అల్మారా తలుపు మీద పెట్టాలి. ఒకటో తరగతి పిల్లకు 'ఎన్విరాన్‌మెంటల్ సైన్స్' అని చదవడం రాకపోవచ్చు. కానీ సోమవారం వరసలో పసుపు, ఎరుపు, పచ్చ ఉన్నాయంటే షెల్ఫ్‌లోంచి ఆ రంగుల పుస్తకాలు తీయడం వస్తుంది. రాత్రి అన్నం తిన్నాక ఐదు నిమిషాల పని.

బరువు లెక్క కూడా ఇక్కడే ఉంది. సంచి బరువు పిల్లల శరీర బరువులో 10 శాతం దాటకూడదని కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతోంది. అంటే 20 కిలోల పిల్లాడికి 2 కిలోలు. 200 పేజీల నోటుబుక్కు ఒక్కటే దాదాపు పావు కిలో తూగుతుంది. ఆ రోజు అవసరం లేని నాలుగు నోటుబుక్కులు సంచిలో ఉన్నాయంటే కిలో బరువు ఉత్తిపుణ్యానికి మోసినట్టే. అంటే మోయదగిన బరువులో సగం.

ఎరుపు, పచ్చ రంగుల మధ్య తేడా కొందరు పిల్లలకు సరిగ్గా తెలియదు. ఇది అబ్బాయిల్లో ఎక్కువ. అలాంటప్పుడు రంగుతో పాటు డిజైన్ కూడా మార్చండి, ఒకదానికి గీతలు, ఇంకొకదానికి చుక్కలు. పిల్లాడు పదేపదే ఆ రెండు రంగుల పుస్తకాలే తారుమారు చేస్తుంటే అజాగ్రత్త అని తిట్టకుండా ఒకసారి కంటి డాక్టరుకు చూపించడం మంచిది.

ఉర్దూ నోటుబుక్కుకు ఏం చేయాలి?

ఉర్దూ సబ్జెక్టు ఉన్న పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంటుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు కాబట్టి పుస్తకం కూడా అటువైపు నుంచే తెరుచుకోవాలి. మామూలు నోటుబుక్కు కొంటే చివరి పేజీ మొదటి పేజీ అవుతుంది. లేబుల్ మాత్రం అలవాటు ప్రకారం ఇటువైపు అట్టకే అంటిస్తారు. దాంతో పిల్లలు ఒకరోజు అటునుంచి, ఇంకోరోజు ఇటునుంచి రాసేస్తారు.

దీనికి బైండింగ్ టేపు రెండు అట్టల మీదా కనిపించేలా మడిచి అంటించండి. రాయడం మొదలయ్యే వైపు అట్ట మీద ఒక మూలకు అదే రంగు ముక్క ఇంకొకటి అంటించి, పేరు లేబుల్ కూడా ఆ వైపే పెట్టండి. 'ముక్క ఉన్న వైపు నుంచి తెరువు బేటా' అని ఒక్కసారి చెబితే చాలు.

సాయంత్రం మక్తబ్‌కు వెళ్లే పిల్లలకు వేరే సంచి, దానికి ఒక రంగు పెట్టేస్తే బడి సామానుతో కలవదు. ఖుర్ఆన్, పారాల మీద టేపు అంటించాల్సిన పని లేదు. గుడ్డ సంచి మీద ఈ టేపు నిలవదు కూడా. చిన్న అట్టముక్క మీద టేపు అంటించి, పేరు రాసి, సంచి హ్యాండిల్‌కు దారంతో కడితే సరిపోతుంది.

పెన్సిళ్లకు మనిషికో డిజైన్

ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే పెన్సిళ్లు, స్కేళ్లు, రబ్బర్ల మీదే సగం గొడవలు. పుస్తకాలకు సబ్జెక్టు రంగు పెట్టినట్టే ఈ చిన్న వస్తువులకు మనిషికో డిజైన్ పెట్టండి. భాయ్‌వి గీతలు, ఆపావి చుక్కలు, చిన్నోడివి పూలు. క్లాసులో కూడా ఇది పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2020 నుంచి సంచి, నోటుబుక్కులు, బెల్టు, బూట్లు కిట్‌గా ఇస్తున్నారు. క్లాసంతా ఒకే రకం సంచులుంటే చిన్నపిల్లలకు తమది ఏదో గుర్తుపట్టడం కష్టమే. జిప్‌కు టేపు చుట్టిన ట్యాగు వేలాడుతుంటే దూరం నుంచే తెలుస్తుంది.

పెన్సిల్‌కు టేపు చుట్టేటప్పుడు చెక్కే వైపు కాకుండా వెనక చివరన చుట్టాలి. లేదంటే షార్ప్‌నర్‌లో ఇరుక్కుంటుంది. ట్యాగు మీద పేరు, తరగతి, సెక్షన్ చాలు. ఫోన్ నంబరు బయటికి కనిపించేలా రాయొద్దు, సంచి లోపలి జేబులో రాసి పెట్టండి.

ఎక్కడ అంటించకూడదు?

టిఫిన్ బాక్సు, వాటర్ బాటిల్ మీద వాషి టేప్ నిలవదు. పీచుతో తోమితే రెండు రోజుల్లో పోతుంది. స్టీలు సామాను కొన్న షాపులోనే పేరు చెక్కించే అలవాటు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. స్టీలు టిఫిన్‌కు ఇప్పటికీ అదే మంచి పద్ధతి.

పాఠ్యపుస్తకం మీద నేరుగా కాకుండా ముందు బ్రౌన్ అట్ట వేసి దాని మీద అంటించండి. ఎండలో, వేడిలో ఏడాదంతా ఉంటే మెత్తటి జిగురు కూడా గట్టిపడి మరక వదులుతుంది. అట్ట మీద ఉంటే ఏడాది చివర ఆ అట్ట తీసేయొచ్చు, పుస్తకం శుభ్రంగా తమ్ముడికో, ఖాలా పిల్లలకో, పక్కింటి వాళ్లకో ఇవ్వొచ్చు. లోపల క్యూఆర్ కోడ్‌లున్న పేజీల్లో గుర్తు కోసం టేపు పెడితే ఆ కోడ్ మీద పడకుండా చూడండి. స్కేలు మీద జిగురు మిగిలితే రెండు చుక్కలు కొబ్బరినూనె రాసి, కాసేపాగి సబ్బుతో కడిగితే పోతుంది. కొన్ని బడులు అట్టలు, లేబుళ్లు ఇలాగే ఉండాలని చెబుతాయి. అలాంటి చోట టీచరును ఒకమాట అడిగి అంటించండి.

ఖర్చు లెక్క

కింగ్ సైజు నోటుబుక్కు బైండింగ్ పొడవు దాదాపు 25 సెంటీమీటర్లు. సబ్జెక్టుకు మూడు పుస్తకాలంటే 75. టైంటేబుల్ మీద ముక్కలకు ఇంకో 12. వేస్టేజీ కలిపి 90 సెంటీమీటర్లు అనుకుందాం. 10 మీటర్ల రోల్ ఒక్కటి 11 మంది పిల్లలకు వస్తుంది. 5 మీటర్లదైతే ఐదుగురికి. కాబట్టి పిల్లకో సెట్టు కొనడం దండగ. ఆరు రంగుల సెట్టు ఒకటి కొని, చాచా ఇంట్లో, ఫుప్పు ఇంట్లో పిల్లలతో పంచుకుంటే ఒక్కో ఇంటికి పడేది చాలా తక్కువ.

మరో విషయం. పోయిన ఏడాది సగం రాసిన నోటుబుక్కులు, పొట్టి అయిపోయిన పెన్సిళ్లు చాలా ఇళ్లలో మూలన పడి ఉంటాయి. రాసిన పేజీలు తీసేసి, మిగిలిన వాటికి కొత్త అట్ట వేసి రఫ్ నోట్సుగా వాడొచ్చు. దానికి ఒక రంగు పట్టీ వేస్తే పిల్లలు పాతదని ముఖం తిప్పుకోరు. ముందు ఇంట్లో ఏమేం మిగిలాయో తీసి లెక్కపెట్టి, ఆ తర్వాతే షాపుకు లిస్టు రాయండి.

ఏ సబ్జెక్టుకు ఏ రంగు పెట్టాలో మాత్రం పిల్లల్నే చెప్పనివ్వండి. టేపు కూడా వాళ్లే అంటించాలి. కాస్త వంకరగా వచ్చినా పర్వాలేదు. తాను పెట్టుకున్న రంగు పిల్లలకు బాగా గుర్తుంటుంది. మొదటి వారం రోజులు రాత్రిపూట పక్కన కూర్చుని చూడండి, మీరు చేయి పెట్టకండి. రెండో వారం నుంచి సంచి మూసేముందు ఒకసారి టైంటేబుల్‌తో సరిపోయిందో లేదో చూస్తే చాలు.