అట్ట రాకెట్ చేద్దాం రండి!

శ్రీహరికోట నుంచి పైకి పోయే పి.ఎస్.ఎల్.వి. రాకెట్ ఎత్తు సుమారు 44 మీటర్లు. వందో వంతు చేస్తే 44 సెంటీమీటర్లు. దీన్నే స్కేలు అంటారు.

నేను మొదట ఎత్తు ఒక్కటే కొలిచాను, లావు కొలవలేదు. అది రాకెట్ లాగా కాకుండా డ్రమ్ములాగా వచ్చింది! అసలు రాకెట్ లావు 2.8 మీటర్లు. కాబట్టి మనది 2.8 సెంటీమీటర్లే ఉండాల. అన్ని కొలతలనూ వందతో భాగించాలి.

పాత క్యాలెండర్ కాగితాన్ని కర్రకు గట్టిగా చుట్టి, మైదా బంకతో అంటించండి. కర్ర తీసేసి, పైన శంకువులా మూతి పెట్టండి. చుట్టూ ఆరు సన్న గొట్టాలు అతికించండి. బంక బాగా ఆరినాకనే తెల్ల రంగు వెయ్యాల. తడి మీద వేస్తే కాగితం ఉబ్బుతుంది.

రాకెట్లు రాకముందు ఆ దీవిలో మా యానాదులు ఉండేవాళ్లు. అందుకే పక్కన ఒక గుడిసె, ఒక తాత బొమ్మ కూడా పెట్టాను. అదే స్కేలులో తాత 1.6 సెంటీమీటర్లే, గోరంత! అయినా మర్చిపోకుండా పెట్టండి.