కాలేజి ఫీజు ఒకరు కట్టిన రాయితీ ఎవరికి?

మన పల్లెలలో పిల్లల చదువు ఒక్క తండ్రి భారము గాదు. పంట చెడిన యేడు మేనమామ ఫీజు కట్టును; ఉద్యోగస్థుడైన అన్న చెల్లెలి కాలేజి ఖర్చు భరించును. ఇది మన కుటుంబములకు గౌరవమే. కాని ఆదాయపు పన్ను చట్టము బంధుత్వమును మనవలె లెక్కింపదు. ఈ సంగతి ముందుగా తెలిసికొనుట మేలని సభ్యులకు మనవి చేయుచున్నాము.

ఒక రైతు కుటుంబమును తలంతము. వ్యవసాయాదాయమునకు ఆదాయపు పన్ను లేదు గాన, సేద్యమే ఆధారమైన తండ్రికి ఈ రాయితీతో పని లేదు. పన్ను కట్టువాడు పట్టణమున నున్న పెద్దకుమారుడు. అతడు చెల్లెలి ఫీజు కట్టి, రశీదు చూపి రాయితీ కోరిన చెల్లదు. 1961వ సంవత్సరపు చట్టములో 80-సి సెక్షనుగా నుండి, 2025వ సంవత్సరపు చట్టములో 123వ సెక్షనైన నిబంధన ప్రకారము, తన స్వంత బిడ్డలలో ఇద్దరికి, ఈ దేశపు విద్యాలయమునకు, తాను కట్టిన ట్యూషను ఫీజునకే రాయితీ గలదు. భీమా, ప్రావిడెంటు ఫండు మొదలగువానితో కలిపి 1,50,000 రూపాయలు దాని హద్దు. విరాళములు లెక్కకు రావు. అన్నగాని, మేనమామగాని, తాతగాని కట్టిన వారికి రాయితీ లేదు. కాదని కోరినచో, పిదప పన్నుతోపాటు వడ్డీయు, జరిమానాయు కట్టవలసి వచ్చును.

మరియొక మార్గము గలదు. ఉన్నత విద్యకై బ్యాంకులో ఆ బిడ్డ పేరనే అప్పు తీసినచో, ఆమె ఉద్యోగమున చేరి తన ఆదాయమునుండి కట్టు వడ్డీ యంతయు, కట్టుట మొదలిడిన సంవత్సరము మొదలు ఎనిమిది సంవత్సరములవరకు, పన్నునకు లోనగు ఆమె ఆదాయమునుండి తీసివేయబడును. ఆ వడ్డీని అన్న కట్టినచో ఇరువురిలో నెవరికిని రాయితీ రాదు. బంధువులవద్ద, వడ్డీ వ్యాపారులవద్ద తెచ్చిన అప్పునకును ఇది వర్తింపదు.

ఈ రెండును పాత పన్ను విధానము కోరుకొన్నవారికే గాని క్రొత్త విధానమున లేవు. ఉద్యోగస్థులు తాము ఏ విధానమున నున్నారో మొదట విచారించుకొనవలెను.

కావున ఫీజు గడువునకు ముందే ఇంటివారందరు కూర్చుండి, ఎవరు కట్టవలెనో, అప్పు ఎవరి పేర నుండవలెనో నిశ్చయించుకొనవలెను. రశీదులు భద్రపరుపవలెను. రాయితీ లేదను కారణమున మాత్రము సాయము మానరాదు. పన్నులో తగ్గునది కొద్ది. చదువు మధ్యలో ఆగిన కలుగు నష్టము పెద్దది.