పిల్లికూన ఒంటి పురుగులకు పైరు మందు వాడరాదు

ధాన్యపు గాదె, పసుపు కొట్టము, చెరకు తోట ఉన్నచోట ఎలుక ఉండక మానదు. ఎలుక ఉన్న ఇంట పిల్లి అవసరము. నిజాంసాగరు కాలువల క్రింద చెరకు సాగు విస్తరించి, 1937లో బోధను వద్ద శక్కర్‌నగరులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడిన పిదప పలు గ్రామములందు చెరకు తగ్గి వరి పెరిగినది గాని ఎలుకల బెడద తగ్గలేదు. కావున పిల్లికూనను దక్కించుకొనుట ధాన్యమును దక్కించుకొనుటయే.

వానలు పడి నేల చెమ్మగిల్లిన దినములలో కూనల ఒంటినిండ పురుగులు చేరును. కూన గోకికొనుచు, కొరుకుకొనుచు నిద్రలేక చిక్కిపోవును. ఆ సమయమున మన చేతికి సులభముగా అందునది పైరుకు తెచ్చిన మందు సీసా, లేదా గేదెల గోమార్లకు తెచ్చిన మందు. ఆ సీసా ముట్టకుడు. దానివలన పురుగు చచ్చినను కూన కూడ చచ్చును. దువ్వెన, సబ్బునీరు, ఎండ - ఈ మూడింటితో పని చాలవరకు నెరవేరును.

ఈ పురుగు ఏది?

ఇది నువ్వుగింజకంటె చిన్నది. ముదురు గోధుమ రంగు. ప్రక్కలనుండి నొక్కినట్లు పలుచగా ఉండును. రెక్కలు లేవు గాని, పట్టబోయినంతనే ఎగిరి దుముకును. పశువైద్యులు దీనిని ఫ్లీ అందురు. పేను దుమకదు. గోమారి కరచిన చోటనే అంటిపెట్టుకొని ఉబ్బును. ఈ తేడా గుర్తుంచుకొనుడు.

పురుగు కంటబడకపోయినను జాడ తెలిసికొనవచ్చును. కూనను తెల్లని బట్టపై నిలిపి వెంట్రుకలను దువ్వినచో మిరియపు పొడివంటి నల్లని నలుసులు రాలును. వానిపై నీటిచుక్క వేయుడు. ఎర్రగా కరగినచో అది మట్టి కాదు, పురుగు త్రాగి విసర్జించిన నెత్తురు.

చిన్న ఒంటికి పెద్ద నష్టము

అరకిలో తూగు కూన ఒంటిలో నెత్తురు సుమారు 30 మిల్లీలీటర్లు మాత్రమే, అనగా ఆరు చిన్న చెంచాలు. 72 ఆడ పురుగులు కలసి రోజునకు ఒక మిల్లీలీటరు నెత్తురు పీల్చగలవని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. పదిదినములు ఇట్లు సాగినచో ఆ కూన గతి ఏమగునో మీరే ఊహింపగలరు. చిగుళ్ళు ఎత్తి చూడుడు. గులాబిరంగులో ఉండవలసిన చిగుళ్ళు తెల్లబారినచో, కూన చల్లబడి పాలు త్రాగనిచో, ఇక ఇంటివైద్యము పనికిరాదు. వెంటనే పశువైద్యశాలకు కొనిపోవలెను.

ఇంకొక కీడు కలదు. ఈ పురుగును మ్రింగిన పిల్లి కడుపులో బద్దెపురుగు పెరుగును. దాని ముక్కలు బియ్యపు గింజలవలె తోకక్రింద కనిపించును. ఆటలో ఈ పురుగును పొరపాటున మ్రింగిన పసిబిడ్డలకును అది సోకవచ్చును.

చేయరాని పనులు

పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ - ఇవి ఒకే జాతి మందులు. పైర్లకు, పశువుల గోమార్లకు, కుక్కలకు వీనిని వాడుట కలదు. పెర్మెత్రిన్‌వంటి విషమును విరుచు శక్తి పిల్లి కాలేయమునకు చాల తక్కువ. గేదెకు, కుక్కకు హాని చేయని మందే పిల్లికి వణుకు, మూర్ఛ తెచ్చి ప్రాణము తీయగలదు. పైగా పిల్లి తన ఒంటిని తానే నాకుకొనును. ఒంటిపై పూసినదెల్ల కడుపులోనికి పోవును.

పేరు చూచి మోసపోవలదు. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ అను పేర్లు వరి, చెరకు రైతులకు తెలిసినవే. ఆ పేర్లతోనే పిల్లుల మందులును దొరకును. కాని పైరు మందు పాళ్ళు వేరు, అందు కలిపిన ద్రవములు వేరు. పైరు మందును నీళ్ళలో ఎంత పలుచన చేసినను అది పిల్లి మందు కాదు. దేశమున 1997లోనే నిషేధింపబడిన బి.హెచ్.సి. పొడి పాతడబ్బా ఎవరి అటుకపైనైనా మిగిలియున్నచో దానిని అసలు తెరువరాదు.

కిరోసిను, పొగాకు కషాయము, కర్పూరము, కలరా ఉండలు, నీలగిరి తైలము, చిక్కని వేపనూనె, వెల్లుల్లి - ఇవన్నియు కూనకు హానికరములే. పసుపు మన నేల పంటయే గాని, ఈ పురుగును నమ్మకముగా చంపు మందు కాదు.

చేయవలసిన పనులు

మొదటిది దువ్వెన. సన్నని పండ్లుగల పేలదువ్వెనతో మెడనుండి తోకవరకు రోజునకు రెండుసార్లు మెల్లగా దువ్వుడు. మెడక్రింద, చెవుల వెనుక, తోక మొదట ఎక్కువ పురుగులుండును. ప్రక్కన సబ్బునీటి గిన్నె ఉంచి, చిక్కిన పురుగును దువ్వెనతో సహా అందు ముంచుడు. వట్టి నేలపై విదిలించినచో అది మరల ఎక్కును.

రెండవది స్నానము. కూన చురుకుగా ఉన్నచో ఎండవేళ, గాలి తగులని చోట చేయించుడు. నీరు మోచేతికి గోరువెచ్చగా తోచవలెను. పసిపిల్లలకు వాడు సబ్బు చాలును. ముందుగా మెడచుట్టు సబ్బునురుగు పూయుడు. లేకున్న పురుగులు ముఖముమీదికి, చెవులలోనికి పరుగెత్తును. తల ముంచరాదు. కన్నులు, చెవులు తడవరాదు. ఐదు నిమిషములలో కడిగి, పొడిబట్టతో ఒత్తి, పూర్తిగా ఆరువరకు వెచ్చగా ఉంచుడు. చలికే చిన్న కూనలు చచ్చును. నాలుగు వారములు నిండని కూనకు స్నానము మాని, సబ్బునీట తడిపి పిండిన బట్టతో తుడిచి, దువ్వి, ఆరబెట్టుట మేలు. తల్లిపిల్లిని కూడ దువ్వనిచో పురుగులు మరల కూనను చేరును.

మూడవది పడక. కూనను శుభ్రపరచి పాత గోనెపైననే పండబెట్టినచో శ్రమ వృథా. ఆడ పురుగు రోజునకు 40 వరకు గ్రుడ్లు పెట్టును. అవి పిల్లి ఒంటినుండి రాలి, గోనెలో, చెరకు ఆకులో, మట్టినేల పగుళ్ళలో చేరి పిల్లపురుగులగును. తరువాత గూడు కట్టుకొని, అదను దొరకువరకు నెలల తరబడి అందులోనే ఉండగలవు. మనము పిల్లిపై చూచునది కొద్దిభాగమే. మిక్కిలి భాగము నేలపై ఉన్నది.

కావున పడకబట్టలను వారమునకొకసారి మరుగునీట ఉడికించి మండుటెండలో ఆరవేయుడు. పాత ఆకు, చెత్త తీసి తగులబెట్టుడు. గది మూలలు, పగుళ్ళు రోజును ఊడ్చి, పగుళ్ళు పూడ్చుడు. నేల పొడిగా ఉంచుడు. చెమ్మలేనిచో పిల్లపురుగులు బ్రదుకవు. గూళ్ళలోనివి వెలువడుచుండును గనుక, పురుగు కనిపించుట మానిన పిదపను కొన్ని వారములు ఈ పని విడువరాదు.

మందు అవసరమైనచో

పురుగు లొంగనిచో పశువైద్యుని అడుగుడు. కూన వయస్సు, బరువు చెప్పుడు. పిల్లికని వ్రాసియున్న మందునే వాడవలెను. మెడపై పోయు మందులు పెక్కింటికి ఎనిమిది వారములు నిండవలెను. పెద్దపిల్లికి చెప్పిన మోతాదు కూనకు వేయరాదు.

ఎవరైనా తెలియక పైరు మందు పూసినచో, కూనను నాకుకొననీయక సబ్బు, గోరువెచ్చని నీటితో వెంటనే కడిగి, వెచ్చగా చుట్టి, మందు సీసాతో సహా పశువైద్యుని వద్దకు కొనిపోవుడు. వాంతి చేయింపరాదు. పూసిన చేతులు మీరును సబ్బుతో కడుగుకొనుడు.

గ్రామాధికారులకు ఒక మనవి. రైతువేదికలలో పైరు మందుల గురించి చెప్పునప్పుడు ఈ మాట కూడ చేర్చుడు: సీసాపై ఏ పైరు పేరు ఉన్నదో ఆ పైరుకే ఆ మందు. మందు సీసాలు తాళమువేసిన పెట్టెలో ఉండవలెను. ఆ అలవాటు కూనను మాత్రమే గాక, ఇంటి పసిబిడ్డలను కూడ కాపాడును.