రేకు మాటున చెక్క

బయట రంగు ఎంత నిగనిగలాడుతున్నా, పాత బ్రిటిష్ బస్సు ఆరోగ్యం తెలియాలంటే రేకు విప్పి, కిటికీ కింది పట్టెలో స్క్రూడ్రైవర్ గుచ్చి చూడాలి. మొన మెత్తగా దిగబడితే ఆ పట్టె పని అయిపోయినట్టే.

హైదరాబాద్‌లో నిజాం రైల్వే 27 బస్సులతో సర్వీసులు మొదలుపెట్టిన 1932 నాటికి, బ్రిటన్‌లో బస్సు బాడీ అంటే ఎక్కువగా చెక్క చట్రం, దానిమీద రేకు. ఆ చట్రానికి యాష్ అనే చెట్టు చెక్కను బాగా వాడేవారు. పీచు నిలువుగా సాగుతుంది, కుదుపుకు వంగి మళ్లీ నిలుస్తుంది, స్క్రూను గట్టిగా పట్టుకుంటుంది. అక్కడ సుత్తి పిడులకూ అదే చెక్క. తడికి మాత్రం ఆగదు. టేకుకున్న ఓర్పు దానికి లేదు.

ఆ బలహీనత రెండో ప్రపంచ యుద్ధంలో బయటపడింది. 1942 నుంచి యుద్ధకాల పొదుపుతో తయారైన ‘యుటిలిటీ’ బస్సులకు సరిగా ఆరని చెక్క వాడాల్సి వచ్చింది. కొన్నేళ్లకే బాడీలు చివికిపోయాయి. కింద ఛాసిస్ దిట్టంగా ఉండటంతో చాలావాటికి బాడీ ఒక్కటే కొత్తది కట్టారు. అసలు బాడీతో మిగిలిన యుటిలిటీ బస్సులు అరుదు కావడానికి అదే కారణం.

ఇక మరమ్మతు. పుచ్చినవన్నీ ఒకేసారి పీకేస్తే బస్సు ఆకారమే పోతుంది. ముందు బాడీకి ఊతాలు పెట్టి, ఒక్కో నిలువు పట్టెనే మార్చుకుంటూ పోవాలి. పాత ముక్కను చూసి కొత్తది కోద్దామంటే దాని అడుగు ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. ఎదుటి వైపు పట్టెను తిరగేసి కొలత తీయొచ్చు గానీ, చేత్తో కట్టిన బాడీలో రెండు వైపులూ అచ్చంగా ఒకేలా ఉండవు. చివరికి అక్కడే పెట్టి, చూసి, చెక్కాల్సిందే.

అడుగు మాత్రమే చెడితే మొత్తం పట్టెను మార్చనక్కర్లేదు. గట్టి చెక్క తగిలేదాకా కోసి, కొత్త ముక్కను ఏటవాలుగా అతకాలి. మందం అంగుళమైతే వాలు ఎనిమిది అంగుళాల దాకా ఉండటం మంచిది. మొనకు మొన ఆనించి అంటిస్తే పీచు కొసల మీద జిగురు సరిగా పట్టదు. పైకప్పు వంపులను వెడల్పాటి పలకలోంచి కోయకూడదు; పీచు తెగిన చోట విరుగుతాయి. ఆవిరితో వంచాలి, లేదా పలుచని పట్టీలను అచ్చు మీద పొరలుగా అంటించాలి.

ఇంత చేసినా, పైకప్పు అతుకులోనో కిటికీ అంచులోనో నీరు కారే చోటు మూయకపోతే శ్రమంతా వృథా. పైన దిగిన చుక్క పట్టె వెంబడి జారి అడుగున చేరుతుంది. అందుకే కంటికి కనబడని ముఖాలకూ బిగించే ముందే ప్రైమర్ పూయాలి.

చెక్క బదులు ఇనుప గొట్టాలు పెడితే పీడా పోతుంది కదా అనేవాళ్లున్నారు. నాకది నచ్చదు. ఛాసిస్ మెలితిరిగినప్పుడు చట్రమంతా కొద్దికొద్దిగా వంగుతుంది. ఒక్కచోట బిర్రుగా చేస్తే ఆ ఒత్తిడి పక్క అతుకు మీద పడి దాన్ని విప్పేస్తుంది.

యాష్ దొరకడం కూడా ఇప్పుడు చిక్కే. చెట్లను ఎండగొట్టే శిలీంధ్ర తెగులు బ్రిటన్‌లో 2012లో బయటపడింది. తెగులు సోకిన చెట్టు కలప పెళుసెక్కుతుంది. మంచి పలక దొరికినా, గాలికి ఆరడానికి అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుంది. రేకు విప్పడానికి ముందే కలప కొని ఆరబెట్టుకుంటే మేలు.